కిందికి వంగి చూసినామె

శనివారం పదకొండింటికి వచ్చింది నర్సుబాయి.
రామంతాపూర్‌ల క్యాటరింగ్.
వేళ్ళ సందుల పసుపు ఇంకా పోలేదు.
వెనుక ముషీరాబాద్ మెకానిక్ ఖదీర్ భాయ్,
చెప్పులు బయట విడవాల్నా అని అడిగిండు.

నేను పై మోడల్‌తోనే మొదలువెట్టిన.
మాకట్లనే నేర్పిండ్రు:
ముందు ఆకాశం చూపియ్యాలె, ధర తర్వాత.
మీట నొక్కితే కప్పు జరిగింది,
షోరూం ట్యూబ్‌లైట్లు కనవడ్డయి.
"ఇది తెరిస్తె ఏమొస్తది?"
"గాలి మేడమ్, వెలుతురు."
"మే నెలల హబ్సిగూడల
వెలుతురుకేం తక్కువ బిడ్డా?"

మాట వినే కారు అని చెప్పిన.
కిటికీ దించమన్న దాన్ని, నా మంచి ఇంగ్లీషుల.
అది పాట పెట్టింది.
ఖదీర్ భాయ్ నవ్వలేదు.
నవ్వినా బాగుండు.

అప్పుడామె కొంగు నడుముకు చెక్కి
మెరిసే టైల్స్ మీద మోకాళ్ళూని
బండి కిందికి వంగి చూసింది.
నాలుగేండ్ల నౌకరీల
అటుదిక్కు చూసినోళ్ళను నేను చూడలె.
నేను గూడ వంగిన.
అక్కడ చెప్పెతందుకు నా దగ్గర ఒక్క మాట లేదు.
ఆమె జాన పెట్టి కొలిచింది,
నేల నుంచి బండి కడుపు దాక.
"జానెడుకు వేలెడు తక్కువ. నడుస్తది."

ఇగ ఖదీర్ భాయ్ వంతు.
క్లచ్ ప్లేటెంత? బంపర్ ఎంత?
అద్దానికున్న ఆ కెమెరా పోతే
అద్దమంత మార్చాల్నా?
బ్రోచర్ తిరగేసిన.
లోపలి లైటుకు అరవై నాలుగు రంగులున్నయి,
క్లచ్ ప్లేటు ధర లేదు.

"పాత బండికి ఇంత టీవీ ఉండె," అన్నది నర్సుబాయి
నీళ్ళ గ్లాసు కింద పెట్టుకుంట.
"నాలా పొంగిన రాత్రి
అన్నిట్ల ముందు సచ్చింది అదే.
అది సచ్చినంక అద్దం దిగలే, తలుపు రాలే.
డిక్కీల అరవై మంది పెండ్లి బువ్వ,
బగారన్నం కమ్మటి వాసన,
మోకాళ్ళ దాక నీళ్ళు.
ఎవరో పిలగాండ్లు రాయితోటి పగలగొట్టి గుంజిండ్రు.
పెండ్లోళ్ళు ఒక్క మాటనలే.
అదే ఇప్పటికీ మనసుల ఉన్నది."

కింది నుంచి రెండో మోడల్ తీసుకున్నది.
తెల్లది. చేత్తో వేసే గేర్లు.
వెనక అద్దాలకు తిప్పే పిడి;
అది మూడుసార్లు తిప్పి చూసి
మొదటిసారి నవ్వింది.
చిట్టి ఎత్తిన పైసలు, గుడ్డ సంచిల.
పై మోడల్‌కు గూడ సరిపోయేటన్ని.
నా కండ్లు అటు పోయినయని కనిపెట్టి
"ఉన్నయని పారేస్తమా?
రెండు పెద్ద పొయ్యిలు కొనేదున్నది," అన్నది.

సాయంత్రం కంప్యూటర్‌ల ఒక గడి నింపాలె:
పై మోడల్ ఎందుకు పోలేదు?
ధర. రంగు. ఆలస్యం.
మూడే ఉంటయి.
ధర అని నొక్కిన.
అబద్ధమని తెలిసే నొక్కిన.

సోమవారం మళ్ళ కప్పే తెరిచిన.
జీతం అట్లుంటది.

ఆగస్టుల ఒక రాత్రి ఉప్పల్ కాడ
మెట్రో పిల్లర్‌కు ఆనుకొని నిలవడ్డ,
నా బైకు సైలెన్సర్‌ల నీళ్ళు.
మోరీ ఏదో రోడ్డేదో తెలుస్తలేదు.
ఒక పెద్ద బండి నడిమిట్ల ఆగిపోయి
నాలుగు లైట్లు కొట్టుకుంటున్నది,
లోపల స్క్రీను మీద ఏదో హెచ్చరిక,
నీలంగ, అందంగ.

దాని పక్క నుంచి ఒక తెల్లది వచ్చింది
మొదటి గేర్‌ల, మెల్లగ,
గర్భిణి నడిచినట్టు.
నర్సుబాయిదో కాదో,
తెల్ల బండ్లన్నీ ఒక్క తీరే ఉంటయి.
వాన నెత్తి మీద పడుతుంటె
చూసేటోళ్ళు ఏమనుకుంటరో అని గూడ ఆలోచించలే,
కిందికి వంగి చూసిన.

నీళ్ళకూ దాని కడుపుకూ నడుమ
ఇంకా నాలుగు వేళ్ళున్నది.