కఫీల్

షార్జా కోర్టుల పదకొండేండ్ల సంది చాయ్ పోస్తున్న.
లోపలికి పోవాలె, కనవడద్దు, బయటికి రావాలె.
ఇదే నా నౌకరి.
అరబ్బీ చదువరాదు. ఇనొస్తది.

ఆ పొద్దు బెంచీ మీద ఇద్దరు పిల్లలు.
ఖార్తూమ్ దిక్కు నుంచి ఓడల వచ్చిన్రట.
తస్బీహ్‌కు తొమ్మిదేండ్లు, ముజమ్మిల్‌కు నాలుగు.
అమ్మా నాయినా సచ్చిపోయిన్రని
పిల్లల ముంగట ఎవ్వలంటలేరు.
కాయితం మీద మాత్రం ఉంది, రెండు ముద్దర్లతోని.

పెదనాయిన తెల్లంగి ఇస్త్రీ చేసుకొని వచ్చిండు.
వకీలున్నడు, కిరాయినామా ఉంది,
తమ్ముడు ఇరవయ్యేండ్లు లారీ తోలి
దాసిన పైసల లెక్క కూడ ఉంది.
చిన్నమ్మ కాడ ఏం లేదు.
వీసా గూడ నెల దినాలదే.

ఖాజీ కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.
"పిలగాడు ఏది ముట్టడు?"
పెదనాయిన వకీలు దిక్కు చూసిండు,
వకీలు ఫైలు దిక్కు.
ఫైలుల అది లేదు.

చిన్నమ్మ మెల్లగ అన్నది:
"అన్నీ తింటడు సార్.
నీలం గిలాసల మాత్రం నీళ్లు తాగడు.
నీళ్ల కాడ వరుసల నీలం డ్రమ్ములుండె.
ఆ వరుస మీదనే పడ్డది బాంబు."

నా చేతుల ట్రే.
ట్రే నిండ నీలం కప్పులు.
ముందుకు పోవన్నా, ఎనుకకు రావన్నా?
గోడకు తిరిగి నిలవడ్డ.

ఖాజీ రాయించిండు:
పిల్లలు చిన్నమ్మ కాడ.
పైసలు కోర్టు తాళం కింద, వాళ్లు పెద్దగయ్యేదాక.
మూడు నెలలకోసారి పిల్లల్నే తేవాలె, రిపోర్టు కాదు.
"ఎంత ఎత్తు పెరిగిన్రో నేను చూడాలె."
వీసా సంగతికి ఇంకో దఫ్తర్‌కు చిట్టీ.
అది అయితదో కాదో ఆయినెకు గూడ ఎరుక లేదు.

ఆమెను "కఫీల్" అన్నడు.
ఆ మాట నాకు మంచిగ తెలుసు.
కఫీల్ అంటే నా పాస్‌పోర్టు బీరువల పెట్టుకున్నోడు,
జరమొస్తే దినం జీతం కోసినోడు.
యతీమ్ పోరని చెయ్యి పట్టుకున్న మనిషిక్కూడ
గదే మాటనట!
ఇన్నేండ్లు సగం మాటనే మోసిన నేను.

నీలం కప్పులు అట్టపెట్టెల కట్టి
పై అర మీదికి తోసిన.
సూపర్‌వైజర్ అడిగితే పగిలినయన్న.
క్యాలెండర్‌ల మూడు నెలలు తిప్పి
ఒక బుధవారం కాడ పెన్నుతోని చుక్క పెట్టిన.

తెల్లారి ఖాజీ ముంగట గాజు గిలాసల చాయ్ పెట్టిన.
దాన్ని చూసిండు.
నన్ను చూసిండు.
ఏమనలే, తాగిండు.