ఏడాది లేని అక్టోబరు

యానాం చేపల బజారులో
తిరుమాని నూకరత్నం దగ్గర కత్తి అడిగి పుచ్చుకున్నాను
రెండు రోజులకి.
"పోగొట్టారంటే మీ ఏళ్ళు కోసి అమ్మేత్తానండాయ్" అంది
ఐసు మీద పండుగొప్పల్ని సర్దుతూ.

లాడ్జి గదిలో కిటికీ గట్టు మీద పేపరు పరిచి
ముందు వాసన చూశాను.
ఇనుం అబద్ధమాడదని కాదు,
వాసనతో అబద్ధమాడించడం ఖర్చుతో పని.
చింతపండూ ఉప్పూ పూసి వారంలో పెంచిన తుప్పు
ఎర్రగా, పొడిపొడిగా గోటికంటుతుంది.
ఇది నల్లగా ఉంది,
చేపనూనె తాగి తాగి, ముసలి అట్లపెనంలా.

వెన్ను తిప్పాను.
పొడుగునా అడ్డబద్ద, దాని మీద ఫ్రెంచి గొలుసుకట్టు రాత:
కర్మాగారం పేరు, ఊరు పేరు, అక్టోబరు.
అంతే. అక్కడ నరికేశారు.
మూరకు పైన ఉండాల్సిన తుపాకీ బాయినెట్టు
జానెడూ నాలుగు వేళ్ళూ మిగిలింది.
నెల ఉంది, ఏడాది లేదు.

కొక్కెం కోసేశారు. తుపాకీ మూతికి తొడిగే ఉంగరం రాసేశారు.
పిడి పూర్తిగా తాటిచేవ,
పడవకి కొట్టే రాగిమేకులు రెండు.
కోసినచోట ఆకురాయి గీతలు,
గీతల మీద సానరాయి,
సానరాయి మీద ఎన్ని వేల మెడలో.
మార్పు కూడా ముసలిదైపోయింది.

అత్తగారి తండ్రి దొరల కచేరీలో బంట్రోతట.
వాళ్ళు జెండా దించుకుపోయిన యేడు
గోదాం మూల నుంచి పట్టుకొచ్చాడట.
తాళ్ళరేవు కమ్మరి కొమ్మోజు భద్రాచారి
రెండు కుంచాల ధాన్యానికి కోసిపెట్టాడట.
ఈ "అట"కి నా రిజిస్టర్లో గడి లేదు.

రాజమండ్రి కంతేటివారు ఫోనులో నిట్టూర్చారు.
"నరికిందా? అయితే తుక్కు. కేజీ లెక్క."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"కాకినాడలో మనవాడున్నాడు, ఏడాది చెక్కేస్తాడు.
పొట్టి రకమనే చేశారంటాం. మీరో సంతకం పెడితే చాలు."

వాడి అంకెలు నాకు తెలుసు.
పాత అంకె బొటనవేలికి లొంగుతుంది,
కొత్తది గీరుతుంది. లోయ అడుగున మెరుపు చావదు,
ఎంత మసి కూరినా.
ఒకటీ ఎనిమిదీ బాగానే దింపుతాడు,
ఏడు దగ్గర చెయ్యి వణుకుతుంది.

ఎలా తెలుసంటే,
పదకొండేళ్ళ కిందట నర్సాపురంలో
ఒక డచ్చి బాకు మీద ఆ ఏడు చూశాను,
చూసి, సంతకం పెట్టి, స్కూటరు కొనుక్కున్నాను.
బాకు ఇప్పటికీ విశాఖలో ఎవరి హాల్లోనో
అద్దాల పెట్టెలో నా పేరుతో మెరుస్తోంది.
స్కూటరు ఎప్పుడో తుక్కుకి పోయింది.
దానిది మాత్రం అసలైన తుప్పు.

రాత్రి కరెంటు పోయింది.
టార్చి పళ్ళతో పట్టుకుని రిజిస్టర్లో రాశాను:
బాయినెట్టుగా చూస్తే, పాడుచేశారు.
చేపల కత్తిగా చూస్తే, అన్ని భాగాలూ అసలువే.
ధర గడిలో గీత పెట్టాను.
కంతేటివారి నంబరు రెండుసార్లు మోగింది.
మూడోసారి కూడా.

తెల్లారి బజారుకెళ్ళేసరికి
నూకరత్నం కత్తిపీట ముందు నడుం పట్టుకుని ఉంది.
కత్తి అందుకుని అంచు బొటనగోటి మీద ఆనించి చూసింది,
నా భూతద్దం కన్నా తొందరగా.
"ఏవైందండి? మంచిదేనంటా?"
"మంచిదే."
"ఆ ముక్కకి రెండ్రోజులా!"

పక్క తట్టలావిడ నవ్వింది.
ఈమె నవ్వలేదు, బేరంలో ఉంది.
పండుగొప్ప మొప్ప కింద కత్తి దిగింది,
తల వేరైంది.
అక్టోబరు మీద ఒక పొలుసు అంటుకుంది.
కేజీ ఎంతని అడిగారెవరో.