శాంపిల్ నంబర్ పదకొండు

వేదాయపాళెంలో మూడో అంతస్తు.
నలుగురం, రెండు బీరువాలు, ఒకే కిటికీ.
కిటికీ అవతల రైలుపట్టాలు.
మద్రాసు పోయే బండి దాటిందంటే
చదివిన పేరా మళ్ళీ మొదట్నించి చదవాలి.

ఇల్లుగలావిడ మస్తాన్‌బీ అద్దె అడగదు.
ఒకటో తారీఖున మెట్లమీద కూచుని
తమలపాకులు తుడుచుకుంటా ఉంటుంది, అంతే.
స్కాలర్‌షిప్పు ఇంకా పడలేదని
మేమే చెప్పుకుంటాం,
చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతా.

నీళ్ళకు రుచి ఉండదని
నాకు నెల్లూరొచ్చినాకే తెలిసింది.
మొదటిరోజు కుళాయి తిప్పి తాగి
ఇందులో ఏందో తక్కువైందే అన్నాను.
పెంచలరత్నం పడీపడీ నవ్వింది.
దానివి కోవూరు పళ్ళు,
మొలగొలుకుల బియ్యపు గింజలు.
నేనూ నవ్వాను,
చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఈ చెయ్యి సంగతి చెప్పాలి.
ఇది నాకంటే ముందు లేస్తుంది.
కాకుటూరు బస్సులో ఎవరన్నా జోకు వేస్తే,
ఐడీ కార్డుకు ఫొటో తీస్తుంటే,
కారందోసె బండికాడ ఘాటుకు తుమ్మొచ్చినా సరే
ముందు నోటికాడికి పోయేది ఇదే.
క్లాసులో నన్ను నెమ్మదస్తురాలంటారు.
మా ఊళ్ళో అడగండి,
మాలకొండమ్మ నోరు మూతపడిన రోజు
వాన పడుద్దంటారు.

రెండో సెమిస్టరులో సారు అన్నాడు:
సెలవులకు పోయినోళ్ళు
ఎవరి ఊరి నీళ్ళు వాళ్ళు తీసుకురండి.
కూల్‌డ్రింకు సీసాల్లో ఊళ్ళన్నీ వచ్చాయి.
కోట, వాకాడు, రాపూరు, ఆత్మకూరు.
ల్యాబు బల్లమీద వరసగా పెడితే
అన్నీ ఒకటే, తేటగా, ఏమీ ఎరగనట్టు.
నా సీసామీద కనిగిరి అని రాసి
పక్కన పల్లె పేరు రాయబోయి, ఆగి,
పదకొండు అని మాత్రం రాశాను.

రంగు చుక్కలు వేశాం. మిషను అంకె చూపించింది.
ఒకటిన్నర దాటకూడదు.
నాలుగు పాయింట్ రెండు.
ఎవరిదీ అని సారు అడగలేదు.
అందరూ సీసాను చూశారు,
తరవాత, ఒక్కరొక్కరుగా, నా చేతిని.

రాత్రి ఫోను చేస్తే నాయన
"నాలుగా? నూటికి నాలుగా?"
"కాదు నాయనా."
"ఎంతకైతే ఏంలే, నాలుగు తక్కువేగా అమ్మే."
వెనకాల అమ్మ
మోకాళ్ళకు ఇసక కాపడం పెట్టుకుంటా
బోరుకాడ గొడవేదో చెప్తోంది.
నేను రికార్డులో స్కేలు పెట్టి గీత కొట్టాను.
గ్రాఫులో మా ఊరొక్కటే
కాగితం పైఅంచుకు తగులుతోంది.

ఈ పట్నం నాకు ఇంగ్లీషు సరిగ్గా నేర్పలేదు.
అంకెలు నేర్పింది.
ఇప్పుడు ఎవరింటికి పోయినా
చెంబు అందుకుని, తాగకుండా,
ఒక క్షణం లెక్కేసుకుంటా నిలబడతాను.
చుట్టాలు పొగరనుకుంటున్నారు.

అక్క కొడుక్కి తొమ్మిదో నెల.
ఇంకా పన్ను రాలేదు.
దసరా సెలవులకు అందరూ మలైకాజాలు కొంటుంటే
నేను ఇరవై లీటర్ల క్యాను కొన్నాను.
మస్తాన్‌బీ తనే పట్టి, మూత బిగించి,
కొంగుతో తడి తుడిచి ఆటో ఎక్కించింది.
ఎందుకని అడగలేదు.

కలిగిరి మీదుగా కనిగిరి పోయే బస్సు.
కండక్టరు క్యానును కాలితో తట్టి
"లగేజీ కొట్టాలి. నూనా?"
"నీళ్ళు."
నీళ్ళకు టికెట్టు ఎట్టా కొట్టాలో తెలీక
కాసేపు నా మొహం చూసి
"దొర్లితే నాకు సంబంధం లేదు, పట్టుకో" అన్నాడు.

లెక్క నాకు తెలుసు.
పాలడబ్బాలో కలిపేదానికి రోజుకు లీటరు.
ఇరవై రోజులు.
ఇరవయ్యొకటో రోజు సంగతి
సిలబస్‌లో లేదు.

పామూరు దాటినాక పక్కసీటు పెద్దామె
గతుకు గతుకుకీ గలగలమనే క్యానును చూసి
"ఏ దర్గా తీర్థం అమ్మే ఇన్ని నీళ్ళు?
రొట్టెల పండగ చెరువుదా?"
"వేదాయపాళెం కుళాయిది" అన్నాను.
నవ్వొచ్చింది.
రెండు చేతులూ క్యాను మీదే ఉన్నాయి.

ఆమె నా పళ్ళకేసి చూసింది.
చూసి, తన కొంగు నోటికాడ్నించి దించింది.
అవే ఇటుకరంగు చారలు.
"మీదే ఊరమ్మే?" అంది,
అడగాల్సిన పనేం లేనట్టుగా.