పన్నెండు మిల్లీసెకన్లు

దాబాగార్డెన్స్‌లో మొహంతి కొట్టుకెళ్ళి
ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపమన్నాను.
తర్వాత ఏసీ.
తర్వాత, ఏమనుకోకు, నీ ఫోన్ కూడా.
అప్పుడు వరసగా ఒక్కో కంప్యూటరుకీ చెవి ఆనించాను,
కొబ్బరికాయ ఊపి చూసేవాడిలా.
"చూసి కొంటారు గానీ," అన్నాడు మొహంతి,
"విని కొనడమేంటండీ?"

మల్కాపురంలో నా గది పదడుగులకి పది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, తలుపుకి పాత బొంత,
కిటికీకి అవతల రిఫైనరీ.
అర్ధరాత్రి దాటితే గానీ నిశ్శబ్దం దొరకదు,
దొరికినా తులాల లెక్కనే.
ఆ కాస్తలో కంప్యూటరు గురక పెడితే
పాట అడుగున ఇసకలా ఉండిపోతుంది,
ఎంత కడిగినా.

చేతిలో ఓవర్‌టైమ్ డబ్బు ఎనభై మూడు వేలు.
చుట్టూ సలహాలు.

చర్చిలో కీబోర్డు వాయించే సుందరపాల్ అంటాడు:
మాక్ తీసుకో అన్నా,
మూత తియ్యి, పాట చెయ్యి, మూత వెయ్యి.
నిజమే.
కానీ ఈ ఉప్పుగాలికి తలుపు గడియే మూడేళ్ళు బతకదు.
విప్పడానికి ఒక్క స్క్రూ అయినా కనపడని వస్తువుని
ఇంట్లో పెట్టుకోవాలంటే నాకు భయం.

లైటింగు కుర్రాడు భానోజీ: విండోసే బాబాయ్,
అందులో దొరకనిదంటూ లేదు.
అదీ నిజమే.
సరిగ్గా గొంతెత్తే వేళకి
"అప్‌డేట్ అవుతోంది, ఆపకండి" అంటూ నీలం తెర,
పెళ్ళిలో మైకందిన మేనమామ,
ఇక దిగడు.

కూర్మన్నపాలెం నుంచి రుక్సానా
పెన్‌డ్రైవ్‌లో లైనెక్స్ వేసిచ్చింది. పైసా తీసుకోలేదు.
రెండు రాత్రులు కూర్చుంటే అన్నీ పలికాయి,
నా సౌండు పెట్టె తప్ప.
మూడో రాత్రి అదీ పలికింది.
ఎడమ చెవిలో మాత్రం.

అసలు నా బాధ ఆలస్యం.
మీట నొక్కిన వేలికీ, చెవిన పడిన మోతకీ నడుమ
పన్నెండు మిల్లీసెకన్లు.
అంత చిన్నది ఎవడికి తెలుస్తుందన్నారు అందరూ.
ఔటర్ హార్బరులో నేను క్రేన్ మీద ఉంటాను.
పైనుంచి చూస్తే
కంటైనరు నేలని తాకడం ముందు, దాని చప్పుడు తర్వాత.
రోజుకి రెండొందల సార్లు
ఆ సందులో కూర్చుని వస్తాను.
ఇంటికొచ్చాక కూడానా?

పాత డబ్బాలో ఒక ఫైలుంది.
ఎనిమిదేళ్ళ కిందట జాలరిపేట ఒడ్డున
అలివి వల లాగుతూ గనగళ్ళ దానయ్య ఎత్తిన పాట.
వెనక ఇరవై ఆరు గొంతులు, నాలుగు మైకులు.
ఆ సాఫ్ట్‌వేరు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
ఏ కొత్త మిషనుకి చూపించినా
ఎవరో తెలీదంటుంది.

పోనీ మళ్ళీ పాడించుకుందామని వెళ్ళాను.
బోటు మీద వించి తిరుగుతోంది.
దానయ్య బీడీ తీసి నవ్వాడు:
"తాడు సేతిలో లేకండా ఆ పాటెలాగొత్తాది బాబూ?
లాగితేనే గదేటి వొచ్చీది."

ఆదివారం రాత్రి పాత డబ్బా విప్పి, దుమ్ము ఊది,
నాలుగు ట్రాకులూ ఉత్త వేవ్ ఫైళ్ళుగా,
ఎక్కడైనా తెరుచుకునేట్టు, దించుకున్నాను.
తెల్లారే ముందు ఊరికే కొలిచి చూశాను.
దానయ్య ఒక మాట అన్నాక
ఇరవై ఆరుగురూ అందుకోవడానికి
కొంచెం అటూ ఇటూగా అరసెకను.
ఒక్కొక్కడూ ఒక్కో ఆలస్యం.
సరిచెయ్యడానికి మౌస్ మీద వేలు పెట్టి,
తీసేశాను.

సోమవారం డ్యూటీ దిగి మళ్ళీ వెళ్ళాను.
మూలన ఒక సెకండ్ హ్యాండ్ పెట్టె,
పెద్ద రెక్కల నెమ్మది ఫ్యాను,
పక్కన నాలుగు మామూలు స్క్రూలు.
దానిమీద ఏది నడపాలో ఇంకా అనుకోలేదు.
నన్ను చూడగానే మొహంతి
తనే లేచి ఫ్యాన్ ఆపాడు.