నెత్తిలైటు బేరం

అమావాస్యకి రెండ్రోజుల ముందు
పూర్ణా మార్కెట్లో మా కొట్టుకి
ఎవరో ఒకరు ఉప్పువాసనతో వస్తారు.

ఈసారి మంగమారిపేట నుంచి గరికిన పోలన్న.
భుజాన మడతపెట్టిన గోనెసంచి,
చూపుడువేలి మీద పీత డెక్క నొక్కిన పాత గాటు.
"నెత్తిలైటు సూపించమ్మా," అన్నాడు,
"ఏటకి."

సముద్రం జోలికి ఎలా వెళ్లినా వాళ్లకది వేటే.
పడవేసుకుని వెళ్లినా,
పాటు తీసిన రాళ్ల మీద అర్ధరాత్రి
నడుం వంచి పీతల్ని వెతికినా.

అన్నిటికంటే ఖరీదైంది తీశాను.
డబ్బా మీద ఎవడో మంచుకొండ ఎక్కుతున్నాడు.
వెయ్యి ల్యూమెన్లు, అరకిలోమీటరు దూరం,
కంపెనీ కుర్రాడు నేర్పిన పాఠం అప్పజెప్పాను.
పోలన్న నవ్వాడు.
"అరకిలోమీటరవతల నాకేటి పనమ్మా,
పీత నా కాలికాడుంటాది."

అప్పుడు మొదలైంది పరీక్ష.
ఒకదాన్ని అరచేతిలో తూచాడు,
కోడిపిల్లని పట్టుకున్నట్టు.
ఇంకొకటి నుదుటికి బిగించుకుని తల అడ్డంగా ఊపాడు,
ఎవరో చెప్పిన ధర ఒప్పుకోనట్టు.
జారింది. పక్కన పెట్టాడు.
మూడోదాని బటన్ కళ్లు మూసుకుని తడిమాడు:
"సలికి బిగిసిపోయిన ఏళ్లకి కూడా దొరకాల."
నాలుగోది తీసి
టీ గ్లాసులు కడిగే మా బకెట్లో ముంచేశాడు.
నేను కేకేసేలోపే
బకెట్ అడుగున పేరుకున్న తేయాకు పొడంతా
కనిపించింది, రేణువు రేణువూ.

"ఎర్రలైటుందా?"
తెల్ల వెలుగు పడితే పీత సర్రున సందులోకి.
ఎరుపు దానికి చీకటి కిందే లెక్కట.
ఉంది. బటన్ రెండుసార్లు నొక్కాలి.
"రెండుసార్లా!" పెదవి విరిచాడు.
"మొదటి నొక్కుకే పారిపోతాదమ్మా."

పెద్ద లైటంటే అంత కోపమేం బాబూ, అన్నాను,
బేరం పోతోందన్న ఉక్రోషంతో.
వెంటనే చెప్పలేదు.
కౌంటరు మీద పడిన నీళ్లు అంగోస్త్రంతో తుడిచాడు.

"మా తోడల్లుడు కొర్లయ్య కొన్నాడు అలాటిదే.
నెత్తిన ఎట్టుకుంటే గుండ్రంగా ఇంత పగలు.
ఇసకరేణువులు లెక్కెట్టీవోడు.
గుండ్రం అవతల ఏటీ నేదు.
మామూలు సీకటి కాదు, గోడ.
కెరటం అటేపు నుంచి వచ్చీసింది."

బజార్లో ఆటో హారన్లు. ఎవరో తూనికరాళ్లు కింద పడేశారు.

"లైటు తెల్లారి దొరికినాది, రాళ్ల సందున.
అప్పటికీ ఎలుగుతానే ఉంది.
మంచి కంపెనీ."

పదకొండేళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నాను.
ఆ డబ్బాలు ఎన్ని అమ్మానో
బిల్లుపుస్తకం తిరగేస్తే తెలుస్తుంది.
తిరగెయ్యలేదు.

చివరికి నూట ఎనభైది తీసుకున్నాడు,
ఒకే బటన్, పసుపుపచ్చ వెలుగు,
పిల్లల బొమ్మలా తేలిక.
దసరా తోరణాల్లో మిగిలిన ఎర్ర జిలుగుకాగితం వెతికి
దాని మూతికి కప్పి, రబ్బరుబ్యాండు రెండు చుట్లు వేశాను.
సెల్లులకి వేరే డబ్బులన్నాను, తర్వాత వద్దన్నాను.

పోలన్న వెలిగించి చూశాడు.
ఆ ఎరుపులో నేనున్నాను, తక్కెడుంది,
నా వెనక అరలున్నాయి,
అరల వెనక గోడకి ఆనించిన నిచ్చెన కూడా
మసకగా, తన చోటులో తనుంది.
"ఈపాటి సాలు," అన్నాడు.

అమావాస్య రాత్రి అల్లిపురంలో కరెంటు పోయింది.
మేడ మీంచి చూస్తే
హార్బరు బయట లంగరేసిన ఓడలు,
కొండ మీద లైట్‌హౌస్ తిరిగి తిరిగి
ఎవరి మొహాన్నీ చూడని వెలుగు.
సెల్‌ఫోన్ టార్చి వేసి
అరచేత్తో మూశాను.
వేళ్ల సందుల్లో నా నెత్తురు రంగు.
మెట్లు కనిపించాయి.
మెట్ల అవతల కుళాయి, తడిసిన తీగ, పక్కింటి పిల్లి.

మా వీధికి కెరటాల చప్పుడు వినబడదు.
అయినా ఒక మెట్టు మీద
కాసేపు ఆగాను.