మూడు వందల ఎంబీల తొలకరి

పగలు పత్తికొండ మండీలో
టమాటా గంపల లెక్క రాస్తాను.
రాత్రి పదకొండు దాటినాక
పాత ల్యాప్‌టాప్ తెరుస్తాను.
నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.
అయినా చెప్తా.

పోయిన నెల పెద్ద కంపెనీ ఆట ఒకటి కొన్నా.
ఐదు వేలు. నా జీతంలో మూడో వంతు.
నూటా నలభై జీబీ,
మూడు రాత్రులు దిగుతానే ఉండింది,
నడుమ రెండు తూర్లు కరెంటు పోయింది.
దిగినాక చూస్తే దేశమంత మ్యాపు,
అమ్మవారు పోసిన ఒంటి మీద పొక్కుల్లాగా
మ్యాపు నిండా గుర్తులు.
ఈడ కత్తి, ఆడ పెట్టె,
ఆ కొండ మీద ఇంకో పెట్టె.
గుర్రమెక్కి నలభై గంటలు తిరిగినా.
గడ్డి పరక పరకా గాలికి ఊగుతుంది, ఒప్పుకుంటా,
ఆ గడ్డి గీసిన చెయ్యి గొప్పది.
ఆట బాగా అమ్ముడుపోయిన వారమే
ఆ చేతిని పనిలోంచి తీసేసినారంట.
గడ్డి మాత్రం ఇంకా ఊగుతానే ఉంది.

పెట్టెలంటే గుర్తొచ్చింది.
చిన్నప్పుడు మా వీధిలో మట్కా చీటీలు రాసే సుంకన్నను
పోలీసులు చొక్కా పట్టి ఈడ్చుకుపోయినారు.
ఇప్పుడు అదే చీటీ
మా అక్క కొడుకు ఫోన్లో
మెరుపులు చిమ్ముతా తెరుచుకుంటుంది.
వానికి పదకొండేండ్లు.
లోపల ఏముందో తెలీదు, వంద కట్టు.
దాన్ని సర్‌ప్రైజ్ అంటారంట.
సుంకన్న పాపం,
తన చీటీకి మంచి పేరు పెట్టుకోలేకపోయినాడు.

చిన్న ఆటలన్నీ బంగారమని నేననను.
కొన్నింటిని పది నిమిషాలు ఓర్చుకోలేం.
తన ఏడుపే ఆటనుకొని ఒకడు చేసినవి,
ఒకని ఆటకు రంగు మార్చి ఇంకొకడు చేసినవి,
సగంలో వదిలేసి పోయినవి.
రోజుకు యాభై వస్తాయి.
ఏరుకోవాల,
తొలకరికి జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరినట్టు,
నడుము వంచి, కండ్లు నేలకేసి.

అట్ల ఏరతా ఉంటే దొరికింది 'ఎర్రచేను'.
చేసింది ఒక్కడే,
తుగ్గలి పక్క పల్లె, పేరు మద్దిలేటి.
మూడు వందల ఎంబీ, నూటా యాభై రూపాయలు.
సేల్లో పదహైదుకు పెట్టినాడు.
కిలో రూపాయికి పడిన రోజు
గంపలు రోడ్డు మీద కుమ్మరించి పోయే రైతు
వెనక్కి తిరిగి చూడడు.
ఆ పదహైదులోనూ అంగడోనికి నూటికి ముప్పై.
మా మండీలో పది పట్టుకుంటేనే
నా ఎదురుగానే మా సేటును తిడతారు.

ఆటలో ఒక ఆడమనిషి.
నెత్తిన యూరియా సంచి కొప్పెర.
వాన వెలిసిన ఎర్రమన్నులో నడుస్తుంది,
వంగుతుంది, రాయి తీస్తుంది,
కొంగుతో తుడిచి ఎండకు పట్టి చూస్తుంది,
పారేస్తుంది.
అంతే.
బాణం గుర్తు లేదు, పాయింట్లు లేవు.
పొద్దు గుంకితే టార్పాలిన్ కింద
మూడు రాళ్లు, ఎసరు.
మూడు రాత్రులు ఆడినా, వజ్రం దొరకలేదు.
దాంట్లో ఒకటన్నా పెట్టినాడో లేదో.

వాన చప్పుడు మాత్రం
రేకుల కింద సెల్‌ఫోన్ పెట్టి పట్టినట్టుంది.
రెండో రోజు వానలో,
ఒక మేక అరిచినాక, దూరంగా,
"ఒరే మద్దిలేటీ, బువ్వ సల్లారిపోతాంది"
అని ఎవరో పిలుస్తారు.
తీసేయడం మర్చిపోయినాడో,
తీయబుద్ధి కాలేదో.
ఐదు వేల ఆటలో
అరవై మంది వాయించిన సంగీతం ఉండింది.
ఎవరూ ఎవర్నీ అన్నానికి పిలవలేదు.

బాయి పక్కన కంచె దాటనీడం లేదు,
బగ్ ఉన్నట్టుంది తమ్ముడూ,
అని వానికి రాసినా.
తెల్లారి మండీలో ఉండంగా జవాబొచ్చింది:
"బగ్ కాదన్నా.
ఆ చేను మాది కాదు.
నిజంగా కూడా దాటనియ్యరు."

ఆ రాత్రి మళ్లీ కంచె దాకా పోయి
కొంచేపు నిలబడుకున్నా.
వాన పడతాండింది.