బోర్డు మీద రెండో వరుస

జూన్ మొదటి వారం.
గేటు కాడి బోర్డు దించి
గోడకు ఆనిచ్చి కడుగుతున్న.
ల్యాబ్ అటెండర్ అన్నది కాగితం మీది పేరు,
దేవరకొండ ఎండల ఏటా నా పని ఇదే.

మొదటి వరుస ఎంపీసీ,
తెల్ల పెయింటు అప్పుడే ఎండింది.
రెండోదాని మీద నీలం పుయ్యమన్నడు ప్రిన్సిపాల్ సారు.
జువాలజీ సారు సూర్యాపేటకు బదిలీ అయ్యిండు,
బాటనీ మేడం కుర్చీ మూడేండ్ల సంది ఖాళీ,
చెప్పెటోళ్లు లేని గ్రూపుల
పిల్లల నెట్ల చేర్చుకుంటం?
మాట నిజమే.
పూసిన.

పాత అక్షరాలు మొండియి.
తడి ఆరంగనే మళ్ల తేలినయి,
బాయి ఎండితే అడుగు బండ తేలినట్టు
బై... పీ... సీ...

గప్పుడొచ్చింది నేనావత్ లలిత,
మర్రిగూడ దిక్కు తండా.
పత్తి గింజల సంచిల మార్కుల మెమో.
బాపు విత్తనాల దుకాణం కాడ లైన్ల ఉన్నడట,
లైను వదిలితే నంబరు పోతదట.

బోర్డు దిక్కు సూసి అడిగింది:
"అన్నా, రెండోది కనబడుతున్నది గదా,
ఉన్నట్టా, లేనట్టా?"

కనబడుడు వేరే బిడ్డా, ఉండుడు వేరే అన్న.
నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని.
వేళ్ల సందుల నుంచి కనబడ్డయి
పండ్ల మీద ఇటుక రంగు గీతలు.
నేను గూడ నవ్విన, చెయ్యి అడ్డం పెట్టకుంట.
పేరుతోని గాదు, పండ్లతోని
ఒకరి బోరు నీళ్లు ఒకరం గుర్తువట్టినం.

"నీళ్లల్లది పండ్లల్లకు ఎట్లెక్కుతది?
ఎముకల్ల ఎందుకు కూసుంటది?
మా దాదా ఆకాశం సూడక పదేండ్లాయె.
గిది చదువాల్నంటే ఏ గ్రూపు తీసుకోవాలె?"

ఏం చెప్తు?
నీళ్లల్ల ఉన్నంతసేపు అది కెమిస్ట్రీ,
ఎముకల్లకు ఎక్కంగనే జువాలజీ.
బోరు ఎంత లోతుకు దిగితే ఎంత ఎక్కువొస్తదో
అది ఏ పుస్తకంల ఉందో నాకు ఎరుక లేదు.
గ్రూపులు పంచినోళ్లకు
నడుము నొయ్యలేదు గావచ్చు.

జవాబు తోచక తాళంచెయ్యి తీసిన.
ల్యాబుల గబ్బిలాల వాసన.
ఫార్మలిన్ ఇంకిపోయి సీసా అడుగుకు అంటుకున్న కప్ప,
అద్దం పగిలిన మైక్రోస్కోపు,
మూలకు ప్లాస్టిక్ అస్థిపంజరం.
ఎడమ చెయ్యి ఎప్పుడో ఊడింది,
సుతిలి తాడుతోని కట్టిన.

ఆ పిల్ల దాని సుట్టు తిరిగింది.
ఎనక నిలవడి
మెడ నుంచి కిందికి ఒక్కో పూస ముట్టి సూసింది.
"ఇది మా దిక్కుది గాదన్నా."
ఎట్ల చెప్తవ్?
"నడుము సక్కగున్నది."

తెల్లారి ఎంపీసీ ఫారం నింపింది.
సగం జవాబన్న దొరుకుతదని.
కొనలేని హాస్టలు గురించి
ఇద్దరం మాట్లాడలే.

పోయేటప్పుడు సంచిలకెల్లి ఒక సీసా తీసింది.
"మా బోరుది. పరీక్ష చెయ్యరాదె?"
అల్మారిల మందుల తారీఖులు
ఆ పిల్ల ఒకటో తరగతిల ఉన్నప్పుడే దాటినయి.
సారు జులైల అస్తడు, అప్పటిదాంక ఉండనీ అన్న.
చీటి మీద పేరు రాయమంటే
పేరు రాయలే.
ఊరు రాసింది, కింద
మున్నూట ఇరవై అడుగులు అని రాసింది.

కప్ప పక్కన పెట్టిన.
సాయంత్రం రౌండుకొచ్చి సారు అడిగిండు,
"గా సీసాల ఏందయ్యా?"
బైపీసీ, సార్, అన్న.
నవ్వుకుంట పోయిండు.

రెండో పూత ఇంక వెయ్యలే.
బ్రష్షు ఎండి కట్టె అయ్యింది.
కిటికీల పొద్దు గుంకుతుంటే
ఒకసారి సీసా ఎత్తి సూసిన.
నీళ్లు తేటగ ఉన్నయి,
ఏమీ లేనట్టే.